నిమిషం విలువ తెలిసిన మనిషి – జె.ఆర్.డి. టాటా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి ఇమ్మని సంపాదకులు అడిగారు. నాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్లు గుమస్తాగా కాగితాలు రాసినవాణ్ణి. నాకు బాగా తెలిసిన యంత్రం ఒకటే, చేతి గడియారం. అందుచేత గడియారాన్ని నమ్ముకుని ఆకాశంలో దారి కనుక్కున్న ఒక పెద్దమనిషి సంగతి రాయదలిచాను. ఆయన శ్రీ జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. లోకమంతా ఆయన్ని జె.ఆర్.డి. అనే పిలిచింది.

ఆయనే ఎందుకు గుర్తొచ్చారో కూడా చెప్పాలి. మొన్న ఉగాదికి మా కూతురి కొడుకు మదనపల్లెకు వచ్చాడు. ఒక విమాన కంపెనీలో కో-పైలట్‌గా పని చేస్తున్నాడు. నా చేతికున్న హెచ్.ఎం.టి. వాచీని చూసి ముచ్చటపడి అడిగి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది నేను ఉద్యోగంలో చేరిన 1974లో బెంగుళూరు వెళ్లి కొన్నది. రోజూ కీ ఇవ్వాలి. ఆ రకం వాచీ పేరే పైలట్. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది గానీ నా వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. రోజుకో నిమిషం వెనకపడుతుంది, నాలాగే. ఇన్ని కంప్యూటర్లు వచ్చిన ఈ కాలంలో విమానం నడిపేవాడికి గడియారంతో ఏం పని అని మనవణ్ణి అడిగాను. వాడు రెండు గంటలు చెప్పాడు. ఆ మాటలు వింటూ ఉంటే నాకు జె.ఆర్.డి. గారే కళ్ల ముందు మెదిలారు. వాడు చెప్పింది తర్వాత రాస్తాను. ముందు పెద్దాయన కథ.

జె.ఆర్.డి. గారు 1904 జులై 29న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా, జంషెట్‌జీ టాటా గారికి దగ్గరి బంధువు, వ్యాపారంలో భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. అందువల్ల ఆయన బాల్యం చాలావరకు ఫ్రాన్సులోనే గడిచింది. వేసవిలో వాళ్ల కుటుంబం ఆర్దెలో అనే సముద్రతీర గ్రామంలో ఉండేది. ఇంగ్లీషు ఛానెల్‌ను 1909లో మొదటిసారి విమానంలో దాటిన బ్లేరియో గారికి కూడా అక్కడే ఇల్లు ఉండేది. ఆ ఇసుకలో విమానాలు దిగుతూ ఉంటే పిల్లవాడు కళ్లప్పగించి చూసేవాడు. పదిహేనో ఏట ఒకసారి విమానం ఎక్కి తిరిగాడు. అప్పుడే తానూ విమానం నడపాలని మనసులో గట్టిగా అనుకున్నాడు. అది తీరడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

ఇరవై రెండేళ్ల వయసులో, 1926లో, తండ్రి పోయారు. ఇంటి బరువు, వ్యాపారం బరువు మీద పడ్డాయి. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని సంసారం నెత్తిన వేసుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. ఆయన ఫ్రెంచి పౌరసత్వం వదులుకుని ఈ దేశాన్నే తన దేశంగా చేసుకున్నారు. బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు పెట్టగానే అందులో చేరారు. 1929 ఫిబ్రవరి 10న విమానం నడిపే లైసెన్సు పొందారు. మన దేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో దాని నంబరు 1.

ఆ రోజుల్లో ఆగాఖాన్ గారు ఒక పందెం ప్రకటించారు. ఇంగ్లాండు, ఇండియాల మధ్య ఒంటరిగా, నెల రోజుల్లోపల విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌన్ల బహుమానం. ముగ్గురు బయలుదేరారు. మన్‌మోహన్ సింగ్ గారు, అస్పీ ఇంజనీర్ అనే కుర్రవాడు ఇంగ్లాండు నుంచి ఇటు వచ్చారు. జె.ఆర్.డి. కరాచీ నుంచి అటు వెళ్లారు. దారిలో ఈజిప్టులోని అబూకిర్ అనే చోట దిగేసరికి అస్పీ అక్కడ చిక్కుకుపోయి ఉన్నాడు. ఇంజనుకు స్పార్కు ప్లగ్గులు కావాలి, దొరకడం లేదు. పందెంలో ఎదుటివాడు ఆగిపోతే మనకు లాభమే గదా అని ఎవరైనా అనుకుంటారు. జె.ఆర్.డి. తన దగ్గర అదనంగా ఉన్న ప్లగ్గులు తీసి ఇచ్చేశారు. అస్పీ ముందుగా కరాచీ చేరాడు. జె.ఆర్.డి. కొద్ది గంటల తేడాతో పందెం ఓడిపోయారు. మన్‌మోహన్ సింగ్ గారు కూడా క్షేమంగానే చేరారు గానీ గడువు దాటిపోయినందున ఆయనకు బహుమతి దక్కలేదు. ఆ అస్పీయే తరువాత వైమానిక దళంలో చేరి 1960లో దానికి అధిపతి అయ్యారు. గడియారంతో పరుగెత్తుతున్నవాడు కూడా పక్కవాడి కోసం ఆగవచ్చునని జె.ఆర్.డి. ఇరవై ఆరో ఏటనే చూపించారు.

ఇక అసలు ఘట్టం. అప్పట్లో ఇంగ్లాండు నుంచి విమానంలో వచ్చే టపా కరాచీతో ఆగిపోయేది. అక్కడి నుంచి బొంబాయికి, మద్రాసుకు రైలే గతి. ఆ ఉత్తరాలను విమానం మీద ఇక్కడిదాకా తెస్తే ఎన్నో రోజులు కలిసివస్తాయని నెవిల్ విన్సెంట్ అనే వైమానికుడు ఆలోచించాడు. టాటా కంపెనీ ఒప్పుకుంది. ప్రభుత్వం నష్టపరిహారం ఏమీ ఇవ్వనంది, అయినా మొదలుపెట్టారు. 1932 అక్టోబరు 15 ఉదయం 6 గంటల 35 నిమిషాలకు జె.ఆర్.డి. గారు పస్ మాత్ అనే చిన్న ఒంటి ఇంజను విమానంలో 55 పౌన్ల టపా వేసుకుని కరాచీ డ్రిగ్ రోడ్డు మైదానం నుంచి లేచారు. అహమ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి టపాను విన్సెంట్ గారు ఇంకో విమానంలో బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు.

ఆ విమానంలో రేడియో లేదు. నేల మీద నుంచి దారి చెప్పేవాళ్లు లేరు. ఉన్నవి ఒక దిక్సూచి, వేగం చూపే ముల్లు, ఒక పటం, లెక్క వేసుకోవడానికి స్లైడ్ రూలు, గడియారం. వీటితో దారి ఎలా తెలుస్తుందో మా మనవడు నాకు లెక్క కట్టి చూపించాడు. గంటకు నూరు మైళ్ల వేగంతో ఒకే దిక్కుకు పోతూ ఉంటే అరగంటకు ఎక్కడ ఉండాలో పటం మీద గుర్తు పెట్టుకోవచ్చు. అరగంట కాగానే కిందికి చూస్తే అనుకున్న ఏరో, రైలు పట్టాలో కనిపించాలి. రెండు నిమిషాలు ముందు కనిపిస్తే వెనకగాలి నెడుతోందన్నమాట. ఆలస్యమైతే ఎదురుగాలి. దాన్నిబట్టి మళ్లీ లెక్క. గడియారం మూడు నిమిషాలు తప్పు చూపితే మనిషి అయిదు మైళ్లు తప్పిపోతాడు. మబ్బులో ఆ అయిదు మైళ్లలో ఒక కొండ ఉండవచ్చు. కాబట్టి ఆ కాలం పైలట్‌కు గడియారం అంటే ప్రాణమే.

ఇది మన ప్రాంతానికి సంబంధం లేని సంగతి అనుకోకండి. మనవరాలి బడి అట్లాసు తీసుకుని బళ్లారికీ మద్రాసుకూ మధ్య స్కేలు పెట్టి గీత గీశాను. ఆ గీత మన రాయచోటికి, తిరుపతికి దాపులోంచే పోయింది. విమానం సరిగ్గా గీత మీదనే పోయిందని నేననను. అయినా మన పెద్దలెవరో గొర్రెలు కాచుకుంటూ తలెత్తి ఆ శబ్దం విని ఉండవచ్చు. ఆ రోజుల్లో మన ఆరోగ్యవరం శానిటోరియంలోనూ, దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాలలోనూ తెల్లవాళ్లు పని చేసేవారు. వాళ్ల ఇంటి ఉత్తరాలు కొన్నయినా ఆ చిన్న విమానాల్లో వచ్చి ఉంటాయని నా ఊహ.

ఆ సర్వీసు మొదటి ఏడాదిలో లక్షా అరవై వేల మైళ్లు తిరిగింది. వానాకాలంలో జుహూ మైదానం నీళ్లలో మునిగితే పూనాకు మార్చుకున్నారు గానీ టపా ఆపలేదు. ఏడాది పొడుగునా నూటికి నూరుపాళ్లు వేళ తప్పలేదని ప్రభుత్వ విమానయాన శాఖవారే తమ నివేదికలో మెచ్చుకున్నారు. మూడు వానలు పడితే బస్సు రాని రోడ్లు చూసిన మనకు ఆ మాట విలువ తెలుసు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా నాయన పుంగనూరులో పోస్టాఫీసులో పని చేసేవారు. సంచీ వచ్చిన రోజే ఉత్తరాల మీద ముద్ర పడాలి, ఆ రోజే బట్వాడా కావాలి అనేది ఆయన నియమం. జ్వరం వచ్చినా సంచీ విప్పకుండా ఇంటికి వచ్చేవారు కాదు. నేను మాత్రం వేళకు ఆఫీసుకు పోవడమే క్రమశిక్షణ అనుకున్నాను. 1982లో కుప్పంలో పని చేస్తున్నాను. ఏ ఆఫీసో ఇప్పుడు అనవసరం. కుప్పంలో అంగళ్లవాళ్లు బెంగుళూరు రైలును చూసి గడియారాలు సరిచేసుకునేవారు. మా ఆఫీసులో నన్ను చూసి సరిచేసుకోవచ్చునని నాకు గర్వంగా ఉండేది. వేళకు వచ్చేవాణ్ణి, సరిగ్గా 5 గంటలకు కలం మూసేవాణ్ణి.

ఒక శుక్రవారం సాయంత్రం, చనిపోయిన ఒక బంట్రోతు భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. నా సంతకం, ఒక ముద్ర, రెండు వాక్యాల నోటు, అంతే పని. వాచీ చూశాను, 5 అయింది. లేచి వచ్చేశాను. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం, సోమవారం పండగ. మంగళవారం పంపేసరికి ఆ నెల బిల్లుల గడువు దాటిపోయింది. ఆమెకు డబ్బు ఇంకో నెల ఆలస్యమైంది. ఆ నెలలో ఆమె పాలిచ్చే ఆవును అమ్ముకుందని తర్వాత తెలిసింది. ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. అరవం కలిసిన తెలుగులో, డబ్బు నిజంగా వస్తుందా రాదా అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాతి నెల బిల్లు నేనే సెలవు పెట్టి పట్టుకుపోయి ఇచ్చి వచ్చాను. ఆవు మాత్రం తిరిగి రాలేదు.

అది జరిగిన కొద్ది రోజులకే, అక్టోబరులో, కుప్పం గ్రంథాలయంలో పత్రిక చూస్తున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ల జె.ఆర్.డి. గారు 1982 అక్టోబరు 15న, మొదటి టపా విమానానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, పాతకాలపు లెపర్డ్ మాత్ విమానం ఒక్కరే నడుపుకుంటూ కరాచీ నుంచి బొంబాయికి వచ్చారని అందులో ఉంది. ముప్పై ఏళ్లు నిండినప్పుడు, 1962లో కూడా ఆయన అలాగే వచ్చారట. ఆ వార్త చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆయన చూసిన గడియారం నేను చూసిన గడియారం ఒకటి కాదని అప్పుడు తోచింది. నేను నా వేళ చూసుకున్నాను. ఆయన ఎదురుచూసేవాడి వేళ చూశారు. అవతల ఎవరో ఉత్తరం కోసం కాచుకుని ఉన్నారు గనుకనే విమానానికి వేళ అంటూ ఒకటి ఉంది. ఆ మర్నాటి నుంచి రిటైరయ్యే దాకా నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం మీద అది వచ్చిన తేదీ, వేళ పెన్సిలుతో రాసుకున్నాను. పెన్షన్ కాగితం మిగిలి ఉంటే 5 గంటలకు లేవలేదు.

మళ్లీ పెద్దాయన కథకు వస్తాను. 1938లో, ముప్పై నాలుగేళ్లకే ఆయన టాటా సన్స్ ఛైర్మన్ అయ్యారు. 1991 దాకా ఆ బాధ్యత మోశారు. క్యాన్సరు ఆసుపత్రి, విజ్ఞాన పరిశోధన సంస్థ వంటివి ఆయన కాలంలోనే వెలిశాయి. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు ఎయిరిండియా మొదటి విదేశీ సర్వీసు మలబార్ ప్రిన్సెస్ అనే విమానంతో మొదలైంది. జెనీవా ఊరివాళ్లు ఎయిరిండియా విమానం దిగడం చూసి గడియారాలు సరిచేసుకునేవారని ఒక ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. గడియారాలకు పుట్టిల్లయిన స్విట్జర్లాండులో ఆ మాట పుట్టిందంటే అదేమీ చిన్న మెప్పు కాదు.

1953లో విమాన కంపెనీలను ప్రభుత్వం తీసేసుకుంది. తాను పెంచిన బిడ్డ చేయి జారినా ఆయన అలిగి ఇంట్లో కూర్చోలేదు. ప్రభుత్వం కోరితే జీతం లేని ఛైర్మన్‌గా పాతికేళ్లు ఎయిరిండియాను చూసుకున్నారు. ప్రయాణం చేసినప్పుడల్లా కాఫీ రుచి దగ్గర నుంచి కర్టెన్ల దాకా కంట పడిన లోపాలన్నీ చీటీలు రాసి పంపేవారు. 1978 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించింది. జీవితమంతా పెట్టిన చోటు నుంచి ఒక కాగితంతో బయటికి రావడం ఎలా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. 1980లో తిరిగి బోర్డు సభ్యునిగా పిలిస్తే పంతానికి పోకుండా వెళ్లి కూర్చున్నారు. 1992లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1993 నవంబరు 29న జెనీవాలో తుదిశ్వాస విడిచారు. పుట్టిన పారిస్ నగరంలోనే ఆయన సమాధి ఉంది. ఎయిరిండియా 2022 జనవరి 27న మళ్లీ టాటాల చేతికి వచ్చింది. అది చూడటానికి ఆయన లేరు.

ఇక మా మనవడు చెప్పిన సంగతి. ఇప్పటి విమానాల్లో కూడా కాక్‌పిట్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు చూపే గడియారం ఉండి తీరాలట. అది మన వేళ చూపదు. ప్రపంచంలో అన్ని విమానాలూ ఒకే వేళ వాడతాయి. అది మన వేళకు అయిదున్నర గంటలు వెనక. లేకపోతే ఒక దేశంవాడు చెప్పిన వేళ ఇంకో దేశంవాడికి అర్థం కాదు. విమానం కదిలిన వేళ, నేల విడిచిన వేళ, దిగిన వేళ, ఆగిన వేళ నాలుగూ రాసుకోవాలి. దారిలో ఒక్కొక్క గుర్తు దాటినప్పుడు అనుకున్న వేళకు చేరామా, ఇంధనం లెక్క ప్రకారం ఉందా అని సరిచూసుకోవాలి. రాడార్ అందని సముద్రం మీద, చెప్పిన వేళకూ చేరే వేళకూ రెండు మూడు నిమిషాలు తేడా వస్తే కింద ఉన్నవాళ్లకు వెంటనే తెలపాలి. వెనక ఇంకో విమానం వస్తూ ఉంటుంది గదా. దిగడానికి చోటు లేక గాలిలో చుట్లు కొట్టేటప్పుడు కూడా లెక్క గడియారందే. పద్నాలుగు వేల అడుగుల దిగువన అటొక నిమిషం, ఇటొక నిమిషం నేరుగా పోవాలి. అంతకన్నా పైన అయితే నిమిషంన్నర.

జెట్ విమానం నిమిషానికి పదిహేను కిలోమీటర్లు పోతుందట. అంటే మదనపల్లె నుంచి పుంగనూరు ఆకాశమార్గాన నిమిషంన్నర, కుప్పం ఆరు నిమిషాలు. జె.ఆర్.డి. గారి కాలంలో మూడు నిమిషాల తప్పు అయిదు మైళ్లయితే, ఇప్పుడది నలభై అయిదు కిలోమీటర్లు.

దారి చూపే ఉపగ్రహాలు కూడా గడియారాలేనని వాడు చెబితే ఆశ్చర్యపోయాను. ఒక్కొక్క దాంట్లో అణు గడియారం ఉంటుంది. ఉపగ్రహం నుంచి సంకేతం మనదాకా రావడానికి పట్టిన కాలాన్నిబట్టి మనమెక్కడున్నామో తేలుతుంది. సెకనులో పది లక్షల వంతు తప్పితే మూడు వందల మీటర్లు తప్పినట్టే. మన దేశం పంపిన ఇలాంటి ఉపగ్రహాల్లో మొదట విదేశీ గడియారాలు పెట్టారు, వాటిలో కొన్ని చెడిపోయాయి. 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహంలో మనవాళ్లు చేసిన అణు గడియారం ఉంది. ఈ వార్త వింటే జె.ఆర్.డి. గారు సంతోషించేవారు.

ఇన్ని ఉన్నా మనవడు చేతికి వాచీ పెట్టుకునే ఎక్కుతాడట. ఎదురుగా ఉన్న అద్దాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయినా చేతి మీదిది తనతోనే ఉంటుందన్నాడు. వాడి ఉద్యోగం అయిదేళ్లు నిండినప్పుడు నా పైలట్ వాచీ వాడికే ఇద్దామనుకుంటున్నాను. రోజుకో నిమిషం వెనకపడే వాచీ విమానానికి పనికిరాదని నాకు తెలుసు. దాంతోపాటు కుప్పం ఆమె సంగతి కూడా వాడికి చెప్పి ఇవ్వాలని నా కోరిక. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే మొదట రాస్తున్నాను.

సోదర సభ్యులారా! మనకిప్పుడు ఆఫీసు వేళలు లేవు. కానీ మన కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా ఉన్నారు. సంఘంలో కొత్తగా భర్తను పోగొట్టుకున్న సోదరీమణులకు పెన్షన్ కాగితాలు నింపిపెట్టేవాళ్లు కావాలి. కదలలేని పెద్దలకు లైఫ్ సర్టిఫికెట్టు చేయించేవాళ్లు కావాలి. ప్రతి బుధవారం ఉదయం 10 గంటలకు నేను మదనపల్లెలో మన సంఘం గదిలో ఉంటాను. కాగితాలు తీసుకుని రండి. అవి పూర్తయ్యేదాకా లేవను.